పొగగది వెనకాల తవ్విన మట్టి

మట్టి పరీక్షల ఆఫీసులో ఆయన్ని అందరూ మట్టాయన అనేవారు. హాజరు పట్టీలో వేరే పేరు ఉండేది కానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి ఎవర్నా అని చూసేవాడు. ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో ఆయన చేసింది ఒకటే పని. కొండవాలు తోటలకి వెళ్లి మట్టి తేవడం, నీడలో ఆరబెట్టడం, చెక్క సుత్తితో గడ్డలు చిదపడం, జల్లించడం, చీటీ కట్టి పరీక్ష చేసేవాళ్ల బల్ల మీద పెట్టడం. చూసేవాళ్లకి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. కానీ సంచిలోకి వచ్చిన మట్టి తప్పయితే ఆ తర్వాత ఎంత ఖరీదైన యంత్రం ఎంత పద్ధతిగా పరీక్ష చేసినా వచ్చేది తప్పే. ఈ సంగతి ఆఫీసులో పెద్ద చదువులు చదివినవాళ్ల కంటే మట్టాయనకే బాగా తెలుసు.

మట్టి తీయడానికి ఒక పద్ధతి ఉంది. తోటలో వంకరటింకరగా నడుస్తూ పదిహేను చోట్ల ఆగాలి. పైన రాలిన ఆకు తోసేసి, జానెడు లోతు గుంట తీసి, ఆ గుంట గోడ నుంచి పలచగా ఒక పొర చెక్కాలి. పదిహేను గుంటల మట్టీ బకెట్లో కలిపి, పట్టా మీద గుండ్రంగా పరిచి, వేలితో నాలుగు భాగాలు గీయాలి. ఎదురెదురు భాగాలు రెండూ పారబోసి, మిగిలింది కలిపి మళ్లీ గీయాలి. అరకిలో మిగిలేదాకా అదే పని. మట్టాయన ఇదంతా చేస్తుంటే పక్కన చేరిన రైతులకి పాఠం కూడా చెప్పేవాడు. చెట్టు మొదట్లో తీయకూడదు, ఎరువు వేసిన పాదులో తీయకూడదు, పెంటకుప్ప పక్కన తీయకూడదు, బూడిద పోసిన చోట అసలే తీయకూడదు. చివరి మాట చెప్పేటప్పుడు చూపుడువేలు కూడా ఆడించేవాడు. ఆయన చేసిన ఘనకార్యం తెలిసిన తర్వాత ఆ వేలు తలుచుకుంటే నవ్వాలో తిట్టాలో తోచదు.

పదహారేళ్ల కిందటి మాట. మట్టాయన అక్కా బావా ఒక కొండవాలు మీద రబ్బరు తోట చేసుకుంటూ ఉండేవారు. వాలు కింది సగంలో బావ తండ్రి పెట్టిన రబ్బరు చెట్లు. పై సగంలో ఒక వరసా వావీ లేని పాత తోట. పనస, నిమ్మ, అరటి, పేరు తెలియని అడవి చెట్లూ అన్నీ కలిసిమెలిసి ఉండేవి. అక్కకి ఆ పై తోట కొట్టేసి అక్కడా రబ్బరు పెట్టాలని ఉండేది. బావకి అది బొత్తిగా ఇష్టం లేదు.

"కింది నేల చచ్చిపోయిందే," అనేవాడు బావ. "పలుగు వేస్తే ఒక్క వానపాము కనపడదు. రాలిన ఆకు రాలినట్టే పడుంటుంది, కుళ్లదు. మొలిస్తే ఆ పిచ్చిమొక్క తప్ప ఇంకోటి మొలవదు. నిమ్మ అంటు పెడితే వేళ్లు మొండిగా, లావుగా అయిపోయి ఎండిపోయింది. ఏటా ఆ తెల్ల ఎరువు వేసి వేసి మట్టి పులిసిపోయింది. పైదాన్నీ అలాగే చంపుదామంటావా?"

"పులవడానికి అదేమన్నా పిండా?" అనేది అక్క.

బావకి చదువు రాదు గానీ, ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఒకే జాతి చెట్టు ఇరవై ఏళ్లు నిలబడి, పాల రూపంలో నేల సారం బయటికి పోతూ, పైన తెల్ల ఎరువు పడుతూ, నేల మీద గడ్డి కూడా లేకుండా గీకేసి ఉంచితే, వానలు మట్టిలో ఉన్న సున్నాన్ని కడిగి పట్టుకుపోతాయి. మట్టిలో ఆమ్లం పెరుగుతుంది. అది మరీ పెరిగితే మట్టిలోనే అణిగి ఉన్న అల్యూమినియం కరిగి బయటికొచ్చి లేత వేళ్లని మాడ్చేస్తుంది. రబ్బరు చెట్టు మొండిది కాబట్టి చాలావరకు ఓర్చుకుంటుంది. మిగతావి ఓర్చుకోలేవు.

మొగుడూపెళ్లాల మధ్య ఈ గొడవ ముదిరి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. కింది నేల పరీక్ష చేయించాలి. పాడైందని తేలితే పై తోట జోలికి వెళ్లకూడదు. బాగుందని తేలితే బావ నోరెత్తకూడదు. మట్టి తీసేవాడు ఇంట్లోనే ఉండగా ఇంకొకరిని అడిగే పనేముంది?

మట్టాయన వెళ్లిన రోజు కుండపోత వాన. కాలి బొటనవేలికి గోరుచుట్టు లేచి చెప్పు కూడా పట్టడం లేదు. వాలు మీద నాలుగడుగులు వేసేసరికి జలగలు పట్టుకున్నాయి. మూడు గుంటలు తీశాడు. నాలుగో గుంట దగ్గర కాలు జారి కూలబడ్డాడు. అక్కడి నుంచి లేచి నేరుగా వాలు కిందున్న పొగగదిలోకి పోయి కూర్చున్నాడు. రబ్బరు షీట్లు పొగబెట్టి ఆరబెట్టే గది అది. లోపల వెచ్చగా ఉంది. సాయంత్రం బస్సు తప్పితే మళ్లీ మర్నాడే.

వెనక తలుపు తీస్తే చూరు కింద తడవని నేల జానెడంత మేర కనిపించింది. మెత్తగా, నల్లగా, చూడ్డానికి ఎంతో బాగుంది. తవ్వాడు. సంచి నింపాడు. తీసిన మూడు గుంటల మట్టీ ఏం చేయాలో తెలియక అక్కడే పారబోశాడు. పొగగది పొయ్యి బూడిదంతా ఎన్నో ఏళ్లుగా పోసేది ఆ వెనకాలే. దాని మీద ఆకులు పడి, కుళ్లి, నల్లమట్టిలా కనపడుతోంది. తనకి తెలియలేదని ఆయన తర్వాత చాలాకాలం తనకి తనే చెప్పుకున్నాడు. తెలుసు. పార దించగానే అడుగున తెల్లగా చార కనపడింది. కనపడ్డాక కూడా సంచి మూతి కట్టేశాడు.

బూడిద కలిసిన మట్టిలో ఆమ్లం ఎందుకుంటుంది? పదిహేను రోజులకి కాగితం వచ్చింది. పీహెచ్ ఆరు పాయింట్ మూడు, అంటే ఆమ్లం దాదాపు లేనట్టే. సున్నం పుష్కలం. పొటాషియం పుష్కలం. అన్నిటికంటే కింద, "నేల ఆరోగ్యంగా ఉంది. సున్నం వేయనవసరం లేదు. ఇప్పుడు వాడుతున్న ఎరువులు కొనసాగించవచ్చు" అని ఉంది. కాగితం ముందు చూసింది మట్టాయనే. కాగితం చించేసి మట్టి మళ్లీ తెస్తానని ఒక్క మాట అంటే సరిపోయేది. అలా అంటే ఎందుకని అడుగుతారు. ఆ ఎందుకు అన్న మాటకి భయపడి ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు.

ఆ రోజు భోజనాల దగ్గర చెట్లకి గాట్లు పెట్టి పాలు తీసే రబ్బరు గీతగాళ్లు ఇద్దరూ, పక్క తోటవాళ్లూ ఉన్నారు. అక్క ఆ కాగితం అందరికీ వినపడేలా చదివించింది.  బావ చెయ్యి కడుక్కుని వచ్చి మట్టాయన ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమోయ్ బావమరిదీ, నువ్వు ఆఫీసులో కూర్చుని ఏదో ఒకటి రాయించుకొస్తావని నలుగురి దగ్గరా అన్నాను. తప్పయింది. మనసులో పెట్టుకోకు."

"అయ్యో, అవేం మాటలు బావా," అన్నాడు మట్టాయన. అని, రెండోసారి వడ్డించుకున్నాడు.

ఆ రెండోసారి వడ్డించుకోవడమే ఆయన్ని తర్వాత పదహారేళ్లు తినేసింది. బూడిదమట్టి నింపింది ఒళ్లు బద్ధకం వల్ల, భయం వల్ల. మరి పెద్దమనిషి నలుగురిలో తప్పయిందని నిలబడితే ఆ తప్పు దర్జాగా పుచ్చుకుని ఇంకో ముద్ద కలుపుకోవడానికి ఏం పేరు పెట్టాలో ఆయనకి ఏనాడూ దొరకలేదు. 

పై తోట కొట్టేశారు. బావే కొట్టాడు. కూలివాళ్లని రానివ్వలేదు. ఎరువు మామూలుగానే పడింది, వాలు అంతా రబ్బరు నిండింది. పక్క తోటల వాళ్లు ముగ్గురు కూడా, అదే వాలు కదా, మనకి వేరే పరీక్ష ఎందుకని అక్క కాగితం చూసి సున్నం మాట మర్చిపోయారు. అక్క ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి వరండాలో గడియారం పక్కన తగిలించింది. మట్టాయన ఆ ఇంటికి ఎప్పుడు వెళ్లినా గడియారానికి వీపు పెట్టి కూర్చునేవాడు. టైమెంతయిందంటే మాత్రం మేనకోడలిని చూసి చెప్పమనేవాడు.

"మా మావయ్యకి గడియారం చూడ్డం రాదు," అని ఆ పిల్ల ఏడిపించేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

మేనకోడలికి పెళ్లయి వెళ్లిపోయింది. వాలు కింది పాత రబ్బరు ముసలిదైపోతే రెండేళ్ల కిందట కొట్టేసి కొత్త మొక్కలు పెట్టారు. రబ్బరు పాలు ఇవ్వడానికి ఏడేళ్లు పడుతుంది. అంతవరకు వరసల మధ్య అరటీ చిక్కుడూ వేసుకుని నెట్టుకురావాలి. అక్క మూడుసార్లు వేసింది. మూడుసార్లూ మొక్క మూరెడు ఎత్తు రాకుండానే పసుపుబారి పోయింది. నేల మంచిదని గోడ మీద రాసే ఉంది కాబట్టి, ఇక లోపం తన చేతిలోనే ఉందని అక్క నమ్మేసింది. చిక్కుడు గింజ తను పెట్టడం మానేసి పక్కింటి కోడలిని పిలిచి పెట్టించింది. అదీ పోయింది.

ఈ మధ్యలోనే ఆఫీసుకి కొత్త మేడమ్ వచ్చింది. వయసు ముప్పై దాటదు, కాలు ఒకచోట నిలవదు. పాత రిజిస్టర్లన్నీ దుమ్ము దులిపి, అప్పట్లో పరీక్ష చేసిన రబ్బరు తోటల్లో మళ్లీ మట్టి తీసి, ఇన్నేళ్లలో నేల ఎంత మారిందో చూడాలని ఒక జాబితా తయారుచేసింది. జాబితాలో నాలుగో పేరు అక్కది. మట్టాయనకి ఇంకా మూడు నెలల సర్వీసుంది. ఒంట్లో బాగాలేదని తప్పించుకుందామనుకున్నాడు. కానీ ఆ సంచి ఇంకొకడు తెస్తే సంగతి బయటపడుతుంది, తను తెచ్చినా బయటపడుతుంది. కనీసం ఈసారన్నా సరిగ్గా తెద్దామని వెళ్లాడు.

అక్క వరండాలోంచే చెయ్యూపింది. "నువ్వు పోయి తీసుకోరా తమ్ముడూ. నీ వెనకాల నేనెందుకు? నీ పని నీకు తెలీదూ?"

యాభై ఏడేళ్ల వయసులో, ఎండలో, పదిహేను గుంటలూ తీశాడు. ఒక్కదాంట్లోనూ వానపాము లేదు.

వారం తర్వాత మేడమ్ పిలిచింది. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

"చూడండి," అంది. కళ్లు మెరుస్తున్నాయి. "అప్పుడు ఆరు పాయింట్ మూడు. ఇప్పుడు నాలుగు పాయింట్ ఒకటి. సున్నం దాదాపు లేదు, అల్యూమినియం కరిగి ఉంది. పదహారేళ్లలో ఇంత పతనం నేనెక్కడా చదవలేదు. మిగతా తోటలు ఇందులో నాలుగో వంతు కూడా పడలేదు. ఈవిడ ఏదో చేసుండాలి. ఎరువు గుప్పించారో, నేల గీకేశారో. వచ్చే బుధవారం రైతుల మీటింగులో ఈ తోటనే ఉదాహరణగా చూపిస్తాను. బంగారంలాంటి నేలని ఎంత త్వరగా పాడుచేసుకోవచ్చో అందరికీ తెలియాలి. ఆవిడకి కూడా ఫోన్ చేశాను, వస్తానన్నారు. మీ బంధువులటగా?"

"అవునండి," అన్నాడు మట్టాయన.  మేడమ్ అప్పటికే గోడకి తగిలించే పటం మీద గీతలు గీస్తోంది. ఒక గీత నిటారుగా కిందికి దిగుతోంది. ఆ గీత పై చివర ఉన్నది తను నింపిన బూడిద.

ఆదివారం పొద్దున్నే అక్క ఇంటికి వెళ్లాడు. గడియారం పక్కన మేకు మాత్రమే ఉంది. కాగితం అక్క ఒళ్లో ఉంది. బావ మెట్ల మీద కూర్చుని గీత కత్తి నూరుకుంటున్నాడు.

"విన్నావా?" అంది అక్క. కళ్లు వాచి ఉన్నాయి. "నేనే పాడుచేశానట్రా. ఆ అమ్మాయి మర్యాదగానే అడిగింది, ఏం వేశారండీ, ఎంత వేశారండీ అని. నువ్వు రాయించి తెచ్చిన కాగితంలో ఏముందో అదే చేశాను. ఒక్క గింజ ఎక్కువ వెయ్యలేదు. బుధవారం అందరి ముందూ నిలబడి ఏం చెప్పాలి? మీ బావ ఆ రోజే చెప్పారు. ఆయన నోరు నేనే మూయించాను. అత్తారిచ్చిన నేలని నా చేతుల్తో నేనే..."

మాట పూర్తి చెయ్యలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మట్టాయన కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"అక్కా, నువ్వేం పాడుచెయ్యలేదు. అప్పుడే పాడై ఉంది. ఆ కాగితం మీ నేలది కాదు."

"మరెవరిది?"

"పొగగది వెనకాల బూడిద పోసే చోటు ఉంది చూడు, దానిది. వానగా ఉందని, కాలు నొప్పిగా ఉందని పైకి పోలేదు. అక్కడే తవ్వి నింపేశాను. తెలిసే నింపాను."

రాయి మీద కత్తి చప్పుడు ఆగిపోయింది.  బావ లేచి, కత్తి మెట్టు మీద పెట్టి, పొగగది వైపు నడిచాడు. ఆయన తిరిగొచ్చేదాకా అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వచ్చిన మనిషి చేతిలో నల్లమట్టి గుప్పెడుంది. దాంట్లో తెల్ల పలుకులు కనపడుతున్నాయి. దాన్ని మట్టాయన ఎదురుగా నేల మీద పోశాడు.

"ఇదేనా?"

"ఇదే బావా."

"పనస చెట్టుకి గొడ్డలి ఎత్తే ముందు నీ కాగితం అమ్మాయి చేత ఇంకోసారి చదివించుకున్నాను," అన్నాడు బావ. గొంతు పెంచలేదు. "చదువు రానివాణ్ణి కదా, నాదే తప్పేమో అనుకున్నాను. మా నాన్న నాటిన చెట్టది. నరుకుతున్నంతసేపూ, నా బుర్ర ఎంత మొద్దుది అని నన్ను నేనే తిట్టుకున్నాను."

మట్టాయనకి ఏడుపొచ్చింది. ఏడిస్తే వాళ్లు ఓదార్చాల్సి వస్తుందని పళ్లు బిగించాడు. ఓదార్పు అడిగే మొహం తనకి లేదు.

"తప్పయింది బావా."

"నాకొక్కడికి చెప్తే సరిపోదు. ఆ రోజు నేను నలుగురిలో అన్నాను. నువ్వూ నలుగురిలోనే అను."

బుధవారం మీటింగులో అన్నాడు. అంతకుముందే సోమవారం మేడమ్ దగ్గర అన్నాడు.  మేడమ్ పటం చుట్టేసి మూలన పెట్టింది. తర్వాత ఆమె అడిగిన మాటకి మాత్రం ఆయన సిద్ధంగా లేడు.

"అప్పటిది బూడిద మట్టి అంటున్నారు. మరి మొన్న తెచ్చింది కొండ మీది మట్టేనని నేనెలా నమ్మాలి?"

ముప్పై ఆరేళ్లలో తన సంచిని అలా అడిగినవాళ్లు లేరు. నిజంగా పదిహేను గుంటలు తీశానని చెప్పబోయి ఆగిపోయాడు. చెప్పడానికి నోరుంది గానీ, ఆ నోటికి విలువ లేదు. మొన్నటి కష్టమంతా కూడా పారబోయాల్సిందే. తోట యజమాని పక్కనే నిలబడి, చూసి, చీటీ మీద సంతకం పెడితేనే ఈసారి మట్టి తీసుకుంటానంది మేడమ్. ఆయన మట్టి తెచ్చిన మిగతా తోటలకీ అదే షరతు పెట్టింది.

మీటింగులో ఎవరూ ఆయన్ని తిట్టలేదు. పక్క తోటల వాళ్లు ముగ్గురూ వరసలో కూర్చుని విన్నారు. వాళ్లలో ఒకాయన మాత్రం లేచి, "సున్నం ఎంత వెయ్యాలండీ ఇప్పుడు?" అని అడిగాడు. అడిగింది మట్టాయనని కాదు, మేడమ్‌ని. అంతకుముందు అలాంటివన్నీ ఆయన్నే అడిగేవారు.

శుక్రవారం పార, బకెట్టు, పట్టా తీసుకుని మళ్లీ వాలు ఎక్కాడు. బావ రాలేదు. అక్క వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఒక కర్ర పట్టుకుని ఆయన వెనకాలే నడిచింది. మట్టాయన ఆకు తోసి గుంట తీశాడు. అక్క వంగి గుంటలోకి చూసింది.

"ఒకటి," అంది.

ఇంకో ఇరవై అడుగులు ఎక్కారు. ఆయన తవ్వి, గోడ నుంచి పొర చెక్కి, బకెట్లో వేశాడు.

"రెండు."

చిన్నప్పుడు ఆయనకి అంకెలు నేర్పింది ఈ అక్కే. బడికి పంపే ముందు వేళ్లు పట్టుకుని చెప్పించేది. ఆయన తప్పు చెప్పినా అమ్మ దగ్గర మాత్రం అన్నీ వచ్చేసినట్టే చెప్పేది. ఆ మనిషి ఇప్పుడు కర్ర మీద వాలి, ఒక్కొక్క గుంట దగ్గరా ఆగి, ఆయాసంతో లెక్కపెడుతోంది. పై తోట ఉండిన చోట పనస మొద్దు ఇంకా ఉంది. దానికి కాస్త ఎడంగా తొమ్మిదో గుంట తీశారు. అక్క అక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడింది. మట్టాయన తల ఎత్తలేదు.

పదిహేనోది తీసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. పార నేలకి ఆనించి, బకెట్టు దగ్గరికి లాక్కున్నాడు.

"పదిహేనూ అయ్యాయి అక్కా. ఇక చాలు."

అక్క బకెట్లోకి చూసింది. ఆయన మొహంలోకి చూసింది. తర్వాత కర్రతో ఇంకాస్త పైకి, తుప్పలున్న వైపు చూపించింది.

"ఇంకోటి తియ్యి," అంది.

మట్టాయన పార తీసుకుని అటు నడిచాడు.